కార్మిక నేత వి.వి. గిరి - ఆరోగ్య బీమాలో యజమాని రాయవలసిన లెక్క

మన సంఘం ప్రత్యేక సంచిక కోసం ఒక మహనీయుని జీవితాన్ని పరిచయం చేయమని కార్యవర్గ మిత్రులు కోరినప్పుడు నాకు వెంటనే తట్టిన పేరు వరాహగిరి వెంకటగిరి. రాష్ట్రపతిగా ఆయన అందరికీ తెలిసినవారే. 1969 నాటి ఎన్నిక మనలో చాలామందికి నిన్నమొన్నటి సంగతిలాగే గుర్తుంది. అయితే ఇక్కడ చెప్పదలచినది రాష్ట్రపతి భవన్ కథ కాదు. కార్మికుడు జబ్బుపడితే వైద్యం, జీతంలో కొంత భాగం అందాలంటే అతని పేరు యజమాని పంపే పట్టీలో ఉండాలి. ఆ పట్టీ మన దేశానికి ఎలా వచ్చింది, గిరిగారి జీవితం దానితో ఎక్కడెక్కడ కలిసింది అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

ఈ విషయం ఎంచుకోవడానికి కారణం ఉంది. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ దగ్గర తెల్లవారుజామున నడకకు వచ్చే మా బృందంలో ఒక మిత్రుడున్నాడు. మనలాగా ప్రభుత్వ పెన్షనరు కాడు. ఒక చిన్న కర్మాగారంలో పనిచేసి పదవీ విరమణ చేశాడు. ఇ.ఎస్.ఐ. కింద కనీసం ఐదేళ్లు నమోదై ఉండి పదవీ విరమణ చేసినవారికి, వారి జీవిత భాగస్వామికి, ఏడాదికి 120 రూపాయలు కట్టి వైద్యం పొందే వీలు 1948 నాటి చట్టం కింది నియమాలలో ఉండేది. భార్యకు చక్కెర వ్యాధి ముదిరిందని అతను దానికోసం దరఖాస్తు పెట్టుకున్నాడు. కార్యాలయంలో చూస్తే అతని పేరు మీద మూడేళ్ల నాలుగు నెలలే ఉన్నాయి. పనిచేసినవి పదకొండేళ్లు. జీతంలో కోత పడినది కూడా పదకొండేళ్లే. మిగతా ఏళ్లలో యజమాని ఆ పేరు పట్టీలో రాయనే లేదు.

ఆ మిత్రుని సంగతి చివర చెబుతాను. ముందు గిరిగారి దగ్గరకు వెళదాం.

బాల్యం, డబ్లిన్ చదువు

గిరిగారు 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. గంజాం జిల్లా అప్పట్లో మద్రాసు రాజధానిలో భాగం. ఇప్పుడు ఒడిశాలో ఉంది. తండ్రి జోగయ్య పంతులుగారు పేరుమోసిన న్యాయవాది, జాతీయవాది. తల్లి సుభద్రమ్మగారు కూడా స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొన్నారు. బరంపురంలోని ఖల్లికోట కళాశాలలో చదువుకున్నాక, 1913లో గిరిగారు న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండుకు వెళ్లి డబ్లిన్‌లో చేరారు.

ఆయన ఎంచుకున్న ఊరు, చేరిన సంవత్సరం రెండూ విశేషమైనవే. 1913 ఆగస్టులో డబ్లిన్‌లో పెద్ద లాకౌట్ మొదలైంది. కార్మిక సంఘాన్ని వదిలేస్తామని సంతకం పెట్టని వారిని యజమానులు పనిలోంచి తీసేశారు. వేలాది కుటుంబాలు నెలల తరబడి పస్తులున్నాయి. జేమ్స్ లార్కిన్, జేమ్స్ కానలీ ఆ పోరాట నాయకులు. పంతొమ్మిదేళ్ల తెలుగు విద్యార్థికి కార్మిక సమస్య మొదట పుస్తకంలో కాక వీధిలోనే కనిపించి ఉంటుంది.

ఆ రోజుల్లోనే అక్కడ మరొక కొత్త ఏర్పాటు నడుస్తోంది. బ్రిటిష్ పార్లమెంటు 1911లో జాతీయ బీమా చట్టం చేసింది. దాని ప్రకారం ప్రతి కార్మికుడికీ ఒక కార్డు ఉండేది. వారం వారం యజమాని కార్మికుని వాటా జీతంలో పట్టుకుని, తన వాటా కలిపి, ఆ మొత్తానికి స్టాంపులు కొని కార్డు మీద అంటించాలి. స్టాంపు ఉంటే జబ్బు చేసిన రోజుల్లో భత్యం వస్తుంది. లేకపోతే రాదు. అంతకుముందు 1883లో జర్మనీ ఇలాంటి చట్టం చేసింది. డబ్బు కట్టేది ఇద్దరు, లెక్క రాసేది మాత్రం ఒక్కరు. ఈ పద్ధతిలోని బలమూ బలహీనతా రెండూ ఇక్కడే ఉన్నాయి.

1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత, ఐరిష్ ఉద్యమకారులతో సంబంధాలున్నాయన్న కారణంగా గిరిగారిని ఐర్లండు విడిచి వెళ్లమని ప్రభుత్వం ఆదేశించింది. ఆయన స్వదేశానికి తిరిగివచ్చి బరంపురంలో న్యాయవాద వృత్తి చేపట్టారు. గాంధీజీ సహాయ నిరాకరణ పిలుపుతో 1920లో ఆ వృత్తిని వదిలివేశారు. 1922లో కల్లు, సారా దుకాణాల ముందు పికెటింగ్ చేసినందుకు జైలుకు వెళ్లారు.

రైల్వే కార్మికుల మధ్య

తర్వాత ఆయన జీవితం రైల్వే కార్మికులతో ముడిపడింది. హౌరా నుంచి ఖరగ్‌పూర్ మీదుగా వాల్తేరు దాకా సాగే బెంగాల్ నాగపూర్ రైల్వేలో వేలాది తెలుగువారు గ్యాంగ్‌మన్లుగా, ఖలాసీలుగా, ఫిట్టర్లుగా పనిచేసేవారు. వారి సంఘానికి గిరిగారు నాయకత్వం వహించారు. 1927-28 కాలంలో కంపెనీ ఉద్యోగాల కోతకు దిగినప్పుడు జరిగిన పోరాటం శాంతియుతంగా సాగింది. భారత కార్మికోద్యమ చరిత్రలో దానికి ప్రత్యేక స్థానం ఉంది. అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ స్థాపకులలో ఆయన ఒకరు. పదేళ్లకు పైగా దానికి ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. 1942లో రెండోసారి ఆ పదవి ఆయనను వరించింది.

1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగా గిరిగారు వెళ్లారు. మన కథకు ఇది ముఖ్యమైన మజిలీ. ఆ ఏటి సభలోనే జబ్బు బీమాపై రెండు ఒడంబడికలను ఆమోదించారు. ఒకటి పరిశ్రమల కార్మికులకు, రెండోది వ్యవసాయ కార్మికులకు. కార్మికుడి జబ్బు అతని సొంత కర్మ కాదనీ, యజమాని కూడా చందా కట్టి పంచుకోవలసిన భారమనీ ప్రపంచ దేశాలు అక్కడ ఒప్పుకున్నాయి.

మన దేశంలో అప్పటి ప్రభుత్వం ఆ ఒడంబడికలను అంగీకరించలేదు. కార్మికులు పల్లెలకూ పట్నాలకూ మధ్య తిరుగుతుంటారనీ, వైద్యులు చాలరనీ, జీతంలో కోతను కార్మికులే ఒప్పుకోరనీ చెప్పారు. ఎవరు ఎన్ని రోజులు జబ్బుపడుతున్నారో లెక్కలు లేవన్నది మరో ఇబ్బంది. 1931లో విట్లీ కమిషన్ ఆరోగ్య బీమా గురించి ఆలోచించాలని చెబుతూ, ముందు ఆ లెక్కలు సేకరించమని సూచించింది. అదే ఏడాది లండన్‌లో జరిగిన రెండో రౌండ్ టేబుల్ సమావేశంలో కార్మికుల తరఫున గిరిగారు పాల్గొన్నారు.

మంత్రి పదవి, జైలు, మళ్లీ మంత్రి పదవి

1934 నుంచి ఆయన కేంద్ర శాసనసభ సభ్యులు. 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజాగారిని ఆయన సొంత గడ్డ మీదనే ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు చేపట్టారు. 1939లో కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేసినప్పుడు ఆయనా బయటికి వచ్చారు. తర్వాత రెండు విడతల జైలు. క్విట్ ఇండియా కాలంలో వెల్లూరు, అమరావతి జైళ్లలో సుమారు మూడేళ్లు గడిపారు.

ఆయన జైలులో ఉన్న సమయంలోనే, 1943లో, ఆరోగ్య బీమా పథకం తయారు చేసే పని ప్రొఫెసర్ బి.పి. అదార్కర్‌కు అప్పగించారు. 1944 ఆగస్టులో ఆయన నివేదిక ఇచ్చారు. ఎవరి చందా ఎంత, ఎవరికి ఏ ప్రయోజనం అన్నది లెక్క కట్టి చూపిన నివేదిక అది. ఆ పునాది మీదనే 1948 ఏప్రిల్‌లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టం వచ్చింది. స్వతంత్ర భారతంలో కార్మికులకు వచ్చిన మొదటి పెద్ద సామాజిక భద్రతా చట్టం ఇదే. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో పండిత నెహ్రూ పథకాన్ని ప్రారంభించారు. అదే రోజున ఢిల్లీలోనూ మొదలైంది.

గిరిగారు 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో మరోసారి కార్మిక మంత్రి అయ్యారు. 1947 నుంచి 1951 వరకు సిలోనులో భారత హైకమిషనరుగా ఉన్నారు. 1952 సార్వత్రిక ఎన్నికలలో శ్రీకాకుళం జిల్లా పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. అంటే రెండు నగరాలలో మూడు నెలల కిందటే కళ్లు తెరిచిన పసికందు పథకం ఆయన చేతికి వచ్చిందన్నమాట.

పట్టీ ఎందుకు ముఖ్యం

ఆ చట్టం యజమాని నుంచి కోరినవి చాలా సాదా పనులు. సంస్థను నమోదు చేయించాలి. ప్రతి ఉద్యోగి పేరు, కుటుంబ వివరాలు డిక్లరేషన్ ఫారంలో నింపి పంపాలి. హాజరు, జీతాల రిజిస్టర్లు సరిగా ఉంచాలి. చందా గడువులోగా కట్టాలి. ఆరు నెలలకొకసారి ఎవరికి ఎన్ని రోజుల జీతం ఇచ్చామో, ఎంత చందా కట్టామో రిటర్న్ దాఖలు చేయాలి. పనిలో ప్రమాదం జరిగితే ప్రమాదాల పుస్తకంలో రాసి, రిపోర్టు పంపాలి. డబ్లిన్‌లోలాగే ఇక్కడా మొదట్లో చందా కార్డుల మీద స్టాంపులు అంటించే పద్ధతే ఉండేది.

రిటర్నులో రాసే రోజుల సంఖ్య చిన్న అంకెలా కనబడుతుంది. కాని జబ్బు భత్యం రావాలంటే ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా ఉండాలన్న నియమం చాలా ఏళ్లు నడిచింది. 80 రోజులు పనిచేసిన మనిషికి గుమస్తా 70 అని రాస్తే, ఆ మనిషి మంచాన పడ్డప్పుడు ఇంట్లో పొయ్యి వెలగదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. పథకం ఒకేసారి దేశమంతటా రాలేదు. ఒక ఊళ్లో మిల్లు చందా కట్టి, పక్క ఊళ్లో మిల్లు కట్టకపోతే, కట్టినవాడు పోటీలో నష్టపోతాడని యజమానులు అభ్యంతరం చెప్పారు. అందుకని 1951లో చట్టాన్ని సవరించి, పథకం ఇంకా రాని ప్రాంతాల యజమానులు సైతం తక్కువ రేటులో ప్రత్యేక చందా కట్టాలన్నారు. నిజాయితీగా లెక్క చూపినవాడు నష్టపోకూడదన్న సూత్రం అందులో ఉంది. మన హైదరాబాదుకు పథకం 1955లో వచ్చింది.

గిరిగారి మార్గం, రాజీనామా

గిరిగారు కార్మిక మంత్రిగా ఉన్నది రెండేళ్ల పైచిలుకు మాత్రమే. ఆ కాలంలో బీమా పథకం పంజాబు పారిశ్రామిక పట్టణాలకు, నాగపూరుకు విస్తరించింది. ప్రావిడెంట్ ఫండ్ పథకం 1952 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. ఆ పథకంలోనూ యజమాని పంపే నెలవారీ లెక్కే ప్రాణం.

కార్మిక వివాదాలలో ఆయన పద్ధతికి గిరి మార్గం అని పేరు వచ్చింది. తగవులను కోర్టులు, ట్రిబ్యునళ్ల మీద వదిలేయకుండా, యాజమాన్యమూ సంఘమూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలన్నది ఆయన అభిప్రాయం. నిర్బంధ తీర్పులకు అలవాటు పడితే సంఘాలు బలహీనపడతాయని ఆయన భయం. ఈ మార్గాన్ని అందరూ మెచ్చలేదు. బలమైన సంఘం లేని చిన్న కర్మాగారంలో కార్మికుడు ఎవరితో కూర్చుని మాట్లాడగలడని అడిగినవారున్నారు. ఆ ప్రశ్న సరైనదే. బీమా లెక్కల విషయంలో అయితే అది మరీ సరైనది. రిజిస్టరు యజమాని బీరువాలో ఉంటుంది. దాన్ని తెరిచి చూపించమనే అధికారం చట్టం ఇన్‌స్పెక్టరుకే ఇచ్చింది. కాబట్టి సంఘం కన్ను, ప్రభుత్వం చెయ్యి రెండూ కావాలి.

1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాలపై అప్పీలు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగేలా మార్చింది. మంత్రి పదవి నిలుపుకోవాలంటే గిరిగారు మౌనంగా ఉంటే సరిపోయేది. ఆయన రాజీనామా చేశారు. నిర్బంధ తీర్పులను ఇష్టపడని మనిషే, ఒకసారి తీర్పు వచ్చాక దాన్ని ప్రభుత్వం తగ్గించకూడదని పదవి వదులుకున్నారు. తర్వాత నియమించిన గజేంద్రగడ్కర్ కమిషన్ విషయాన్ని మళ్లీ విచారించింది. మన సభ్యులలో ఉన్న బ్యాంకు విశ్రాంత మిత్రులకు ఈ చరిత్ర బాగా తెలుసు.

1957లో పార్వతీపురంలో ఓడిపోయాక ఆయన వరుసగా ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాల గవర్నరుగా, 1967 నుంచి ఉపరాష్ట్రపతిగా పనిచేశారు. మన హైదరాబాదులో పుట్టిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ 1969 మే 3న మరణించడంతో తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. ఆ పదవి వదిలి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి, మరో తెలుగు ప్రముఖుడు నీలం సంజీవరెడ్డిగారిపై గెలిచి, ఆగస్టు 24న రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. 1974 వరకు ఆ పదవిలో ఉన్నారు. 1975లో భారతరత్న లభించింది. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. సతీమణి సరస్వతీబాయిగారు. ఆ దంపతులది పద్నాలుగుమంది సంతానం. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థ నేడు ఆయన పేరుతోనే ఉంది.

చట్టం గట్టిపడిన తీరు

ఆయన మంత్రిత్వం తర్వాత చట్టం క్రమంగా గట్టిపడింది. లెక్క పంపని యజమానికి లెక్క తెలియదని వదిలేయకుండా, అందిన సమాచారాన్ని బట్టి బాకీని సంస్థే నిర్ణయించి వసూలు చేసే అధికారం 1966 సవరణతో వచ్చింది. కార్మికుని జీతంలో పట్టుకున్న చందా యజమాని దగ్గర నమ్మకంగా ఉంచిన సొమ్ము కింద లెక్క. దాన్ని కట్టకపోతే నమ్మకద్రోహ నేరమని 1975లో శిక్షాస్మృతిలో చేర్చారు. యజమాని చందా కట్టనందున కార్మికుడికి ప్రయోజనం తగ్గితే, సంస్థ ముందు కార్మికుడికి ఇచ్చి తర్వాత యజమాని నుంచి రాబట్టుకోవచ్చని 1948 చట్టంలోనే ఉంది. వివాదాలకు ప్రత్యేక బీమా కోర్టులు ఏర్పాటయ్యాయి.

ఇప్పుడు స్టాంపులు లేవు, కాగితపు రిటర్నులు లేవు. లెక్క కంప్యూటరులో నెలనెలా పడుతుంది. 1948 చట్టం స్థానంలో 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. అదే ఏడాది జులైలో, ఇంతవరకు నమోదు కాని సంస్థలు పాత బాకీల బెడద లేకుండా చేరవచ్చని ఒక ప్రత్యేక పథకం ప్రకటించారు. 2016లోనూ ఇలాంటిది వచ్చింది. కొత్తగా చేరేవారికి మేలు జరుగుతుంది కాబట్టి దాన్ని తప్పుపట్టలేం. కాని నమోదు కాకుండా పోయిన పాత సంవత్సరాలు కార్మికుడికి తిరిగి రావు. యజమానికి మాఫీ అయినది కార్మికుడి ఖాతాలో ఖాళీగా మిగిలిపోతుంది.

మన ఇళ్లలో చేయవలసినవి

మనకు ప్రభుత్వ పెన్షను ఉండవచ్చు. కాని మన కొడుకులు, కోడళ్లు, మనవలలో ఎందరో ప్రైవేటు షోరూములలో, గోదాములలో, ఆసుపత్రులలో పనిచేస్తున్నారు. వారికి మనం చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. చేరిన నెలలోనే బీమా నంబరు అడిగి తీసుకోవాలి. పుట్టిన తేదీ, భార్య లేక భర్త పేరు, తల్లిదండ్రుల పేర్లు సరిగా పడ్డాయో లేదో చూసుకోవాలి. జీతం చీటీలో కోత ఉంటే, అదే నెల ఆ నంబరు కింద చందా జమ అయిందేమో ఇ.ఎస్.ఐ. వెబ్‌సైటులో చూసుకోవాలి. ప్రమాదం జరిగితే ఎంత చిన్నదైనా పుస్తకంలో రాయించాలి. తేడా కనిపిస్తే ముందు యజమానిని, ఆ తర్వాత శాఖా కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడగాలి. పదవీ విరమణ తర్వాత వైద్యానికి నేడున్న షరతులేమిటో ముందుగానే కనుక్కోవాలి. అన్నిటికంటే ముఖ్యం, జీతం చీటీలు పారేయకూడదు.

మా నడక మిత్రుని సంగతి చెబుతానన్నాను కదా. కర్మాగారం మూతపడింది. రిజిస్టర్లు ఎక్కడున్నాయో ఎవరూ చెప్పలేదు. ఇక లాభం లేదని అతను ఊరుకున్నాడు. అతని భార్య మాత్రం పెళ్లినాటి ట్రంకు పెట్టె దించి, అడుగున గుడ్డ సంచిలో దాచిన జీతం చీటీలు తీసి ముందు పెట్టింది. అన్నీ లేవు. కొన్ని చెదలు తిన్నాయి. రెండేళ్ల చీటీలు మాత్రం వరుసగా దొరికాయి. మా సంఘ సభ్యుడొకరు, పాత అకౌంట్స్ ఉద్యోగి, నెలవారీగా పట్టిక వేసి అర్జీ రాసి ఇచ్చాడు. తోటి పనివారు ఇద్దరు వాంగ్మూలం ఇచ్చారు. పద్నాలుగు నెలలు తిరిగాక ఆ రెండేళ్లూ లెక్కలోకి వచ్చాయి. మూడేళ్ల నాలుగు నెలలకు రెండేళ్లు కలిస్తే ఐదు దాటింది. ఇప్పుడు దంపతులిద్దరికీ కార్డు ఉంది. మిగిలిన ఐదేళ్ల ఎనిమిది నెలలు మాత్రం ఏ పట్టీలోనూ లేవు.

గిరిగారి విగ్రహానికి దండ వేయడం మంచిదే. దండలకు మన గుడిమల్కాపూరులో కొదవ లేదు. దానితోపాటు ప్రతి సభ్యుడూ ఈ నెలలో ఇంట్లో ఉద్యోగం చేస్తున్న ఒక్కరి బీమా ఖాతానైనా తెరిపించి, వారి పేరు, వారి రోజులు అందులో సరిగా ఉన్నాయో లేదో చూడాలని మనవి. తేడా ఉన్నవారు జీతం చీటీలు పట్టుకుని మన సంఘం కార్యాలయానికి వస్తే, అర్జీ రాసిపెట్టడానికి మేమున్నాం.